కిల్ ఆజ్ఞకు మౌనమే భూషణం

కామా ఒకటి తప్పితే చాలు, ఇల్లెగిరిపోయేలా గగ్గోలు పెట్టే ఈ కాలపు కంపైలర్లతో, అంటే ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చే సాధనాలతో, విసిగిపోయినవారు మర్యాద నేర్చిన ప్రోగ్రామింగ్ భాషను చూడదలచుకుంటే మంప్స్‌ను ఆశ్రయించవలసిందిగా మనవి. 1960ల రెండవ భాగంలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో పుట్టి, 1977లో అమెరికన్ జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందిన ఈ భాషలో భాషా, డేటాబేసూ ఒకే కాపురం చేస్తాయి. అందులో వేరియబుళ్లను, అంటే విలువలు దాచుకునే పేర్లను, తుడిచే ఆజ్ఞ పేరు కిల్; అంత శ్రమ ఎందుకనుకునేవారికి 'కె' అన్న ఒక్క అక్షరం చాలు.

కిల్ పక్కన ఎక్స్ అని రాస్తే ఎక్స్ పోతుంది. అదే ఎక్స్‌ను బ్రాకెట్లలో పెడితే ఎక్స్ ఒక్కటే బతికి, తక్కిన లోకల్ వేరియబుళ్లన్నీ, అంటే డిస్కు మీద కాక మెమొరీలో మాత్రమే ఉండేవన్నీ, పోతాయి. రెండూ వ్యాకరణ సమ్మతాలే గనుక, ఇతర భాషల అలవాటుకొద్దీ బ్రాకెట్లు తగిలించినవారిని మధ్యలో ఆపి ప్రశ్నించడం అమర్యాద అవుతుంది.

ఖాళీల సంగతి మరీ సొగసైనది. కె తర్వాత రెండు ఖాళీలు విడిచి క్యూ (క్విట్ ఆజ్ఞకు పొట్టి పేరు) అని రాస్తే, లోకల్ వేరియబుళ్లన్నిటినీ తుడిచి రొటీన్ (నడుస్తున్న ప్రోగ్రామ్ భాగం) నుంచి బయటికి రమ్మని అర్థం. ఒక్క ఖాళీయే పడిందనుకోండి, క్యూ అనే వేరియబుల్‌ను తుడవమన్నారని అర్థమవుతుంది. అలాంటి వేరియబుల్ లేకపోయినా, లేనిదాన్ని తుడవడం తప్పేమీ కాదు గనుక హెచ్చరిక రాదు. తుడవవలసినవన్నీ చెక్కుచెదరకుండా ఉండగా, ఆగవలసిన ప్రోగ్రామ్ నిర్విఘ్నంగా కింది లైనులోకి నడిచిపోతుంది. వేరియబుల్ పేరులో అక్షరం తప్పినవారికీ ఇదే ప్రశాంతత దక్కుతుంది.

పేరు ముందు చిన్న టోపీ గుర్తు చేరితే మాత్రం అది గ్లోబల్, అంటే డిస్కు మీది నిల్వ. ఏ భాగాన్ని తుడవాలో చెప్పే సబ్‌స్క్రిప్టును బ్రాకెట్లలో రాయడం మరచి గ్లోబల్ పేరొక్కటే ఇస్తే, దాని కింద అల్లుకున్న డేటా మొత్తం పోతుంది. నిజంగానే తుడవమంటారా అని అడిగే చొరవ కిల్‌కు లేదు.

ఇంతటి వినయాన్ని లోపమని నిందించేవారి తృప్తి కోసం, ప్రతి కె వెనుకా ఖాళీలు లెక్కపెట్టే పరిశీలకుడిని నియమించవచ్చు. అయితే భాష సంప్రదాయం చెడకుండా, తప్పు కనబడినా ఆయన నోరు మెదపరాదన్న షరతును నియామకపత్రంలోనే చేర్చడం ఉచితం.