మహారాజశ్రీ పబ్బు గారి సముఖమునకు

మహారాజశ్రీ మా వీధి చివరి పబ్బు గారి సముఖమునకు, కిటికీ పక్క రెండో బల్ల దగ్గర తొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్న తెలుగువాడు రాసుకొను విన్నపం. ఉభయకుశలోపరి. అంటే, నేను కుశలమే. నీ కుశలం మీదే, నీ తలుపుకు అంటించిన కాగితం చదివాక, అనుమానంగా ఉంది. ఆ కాగితం సంగతికి తర్వాత వస్తాను. ముందు మన పాత లెక్కలు తేలాలి.

నీ పేరు ఈ ఉత్తరంలో ఎక్కడా రాయను. మర్యాద కొద్దీ కాదు, స్వార్థం కొద్దీ. పశ్చిమ లండన్‌లో పది పౌండ్ల లోపు కడుపు నిండా థాయ్ భోజనం పెట్టే పబ్బు ఫలానా అని రాశానంటే రేపటినుంచి నా కుర్చీలో ఇంకెవరో ఉంటారు. కెన్సింగ్టన్ చర్చ్ స్ట్రీట్‌లో చర్చిల్ ఆర్మ్స్ అని నీకు ఒక జ్ఞాతి ఉంది. గోడలు కనబడనన్ని పూలు, దశాబ్దాలుగా థాయ్ వంట. పేరు మోగిపోయి, లోపల తినేవాళ్ళతో సమానంగా బయట ఫోటోలు తీసుకునేవాళ్ళు ఉంటారు. నీకు ఆ బెడద లేదు. నీ గుమ్మం ముందు ఉన్నవి రెండే పూలకుండీలు, రెండింటిలోనూ సిగరెట్ పీకలు. 2007లో లోపల పొగ తాగడం నిషేధించినప్పటినుంచి అక్కడ పండుతున్నది అదొక్కటే పంట.

నువ్వు మొదట అపకారం చేసింది మా అమ్మకు. వచ్చిన కొత్తలో ఒక శుక్రవారం రాత్రి ఫోను చేసి ఏం తిన్నావురా అని అడిగింది. పబ్బులో తిన్నానని నిజం చెప్పాను. అవతలినుంచి కాసేపు మాట లేదు. ఆవిడకు తెలిసిన పబ్బు జూబ్లీహిల్స్‌లో ఉంటుంది. అద్దాల మేడ, గుమ్మంలో నల్ల చొక్కాల వస్తాదులు, లోపల చెవులు చిల్లులు పడే పాట, మర్నాడు పేపర్లో పోలీసుల సోదా.

"అది కాదమ్మా, ఇక్కడ పబ్బు అంటే మన రచ్చబండ లాంటిది."

"రచ్చబండ మీద కూర్చుని తాగుతారా?"

"తాగడమొక్కటే కాదు. ఒక ముసలాయన కుక్కను తెచ్చుకుని కూర్చుంటాడు. ఒక పెద్దావిడ గళ్ళనుడికట్టు నింపుకుంటుంది."

"కుక్క కూడానా!" అని ఫోను నాన్న చేతికిచ్చేసింది. ఆ రోజునుంచి మా ఇంట్లో నీ పేరు 'ఆ హోటలు'.

ఇక నీ సరుకు. గుమ్మం పక్కన పలక మీద సుద్దతో 'రియల్ ఏల్' అని రాసి పెట్టావు. ఏల్ అంటే ఇక్కడి పాతకాలపు తరహా బీరు. రియల్ అన్న మాట చూస్తే తెలుగువాడికి దాని వెనక ఎస్టేటే కనిపిస్తుంది. ఇక్కడ కూడా ఎవరో సర్వే రాళ్ళు పాతారనుకున్నాను. తీరా విచారిస్తే దీని వెనక ఒక ఉద్యమం ఉందట. 1971లో నలుగురు ఇంగ్లీషు కుర్రాళ్ళు ఐర్లండ్‌కు సెలవులకు వెళ్ళి, తమ దేశంలో బీరు గ్యాసు ఎక్కించిన నీళ్ళుగా మారిపోతోందని దిగులుపడి, ఒక బారులోనే కూర్చుని కామ్రా అనే సంఘం పెట్టారు. ఉద్యమాలు చాలా చూసినవాళ్ళం మేము. ఎండలో నిలబడకుండా, లాఠీ తినకుండా, గ్లాసు కింద పెట్టకుండా ఇంతకాలం సాగింది మాత్రం ఇదొక్కటే.

వాళ్ళ నిర్వచనం ఇది: పీపాలోకి చేరాక కూడా పులుస్తూ ఉండాలి, ఆ పీపాలోంచే గ్లాసులోకి రావాలి, బయటి గ్యాసు సోకకూడదు. చదివి నవ్వుకున్నాను. దీన్ని మా ఊళ్ళో కల్లు అంటారు. పొద్దున లొట్టి దించినప్పుడు ఒక రుచి, మధ్యాహ్నం ఇంకొకటి, పొద్దు వాలేసరికి మూతి వంకర తిరిగేంత పులుపు. నీ పీపా కథ కూడా అంతే. తెరిచిన మూడు రోజుల్లో ఖాళీ చేయకపోతే వెనిగర్ దారి పడుతుంది. మా గీత కార్మికుడు మోకు కట్టుకుని చెట్టెక్కుతాడు, నీ మనిషి మెట్లు దిగి నేలమాళిగలోకి పోతాడు. తేడా అల్లా ఎక్కడంటే, తాటిచెట్టు కింద కూర్చుని తాగేవాణ్ణి తాగుబోతు అన్నారు, నేలమాళిగలోంచి తోడించుకుని తాగేవాణ్ణి సంప్రదాయ రక్షకుడు అన్నారు. నేను రెండు చోట్లా అదే పని చేశాను. బిరుదు మాత్రం సముద్రం దాటాకే వచ్చింది.

ఆ తోడడం చూడముచ్చటగా ఉంటుందని ఒప్పుకుంటాను. బారు మీద నిలబెట్టిన ఆ పొడుగాటి పిడిని నిన్ను నడిపే ల్యాండ్‌లేడీ రెండు చేతులా పట్టుకుని ఒళ్ళు వెనక్కి వాల్చి లాగుతుంది. మా వీధి బోరింగు దగ్గర బిందెలు వరసలో పెట్టి మా పిన్ని కొట్టినట్టే. రెండు మూడు గుంజులకు 568 మిల్లీలీటర్ల పైంటు నిండుతుంది. మొదట గ్లాసంతా బురదనీళ్ళలా కలకబారి ఉంటుంది. తర్వాత అడుగునుంచి పైకి తేరుకుంటూ, తేరుకుంటూ, చివరికి రాగి చెంబు రంగు తేలుతుంది. ఆ నిమిషంలో ఎవరూ మాట్లాడరు. మొదటిసారి నోట పెట్టుకున్నప్పుడు మాత్రం నీ ఫ్రిజ్ పాడైందని చెప్పబోయాను. పన్నెండు డిగ్రీలే దానికి తగిన చల్లదనమని, అంతకు మించి చల్లబరిస్తే రుచి చచ్చిపోతుందని పక్కనున్న కుక్క యజమాని గంటసేపు బోధించాడు. కుక్క నిద్రపోయింది.

నీ పంపుల్లో ఒకదాని మీద 'ఇండియా' అని రాసి ఉంటుంది, ఇండియా పేల్ ఏల్ అని. కంపెనీ దొరలు మా ఎండకు తాళలేక లండన్‌నుంచి మద్రాసుకు, కలకత్తాకు ఓడల్లో పీపాలకు పీపాలు తెప్పించుకున్న బీరు వంశం అది. మా జిల్లా అప్పట్లో మద్రాసు కిందే ఉండేది. దొరగారి జీతం మా ముత్తాతలు కట్టిన శిస్తులోంచే వచ్చి ఉంటుంది కదా. అంటే ఒకసారి డబ్బు కట్టేసిన సరుకునే నేను మళ్ళీ డబ్బిచ్చి కొనుక్కుంటున్నాను. రసీదు దొరికితే చూపిస్తాను.

నీ మీద నేను మోస్తున్న రహస్యం ఇంకొకటి ఉంది. నాకొక స్నేహితుడున్నాడు, నిష్ఠగల శాకాహారి. నీ దగ్గరికి తీసుకొచ్చిన రోజు వంటగది కిటికీలోకి తల దూర్చి పది నిమిషాలు విచారణ జరిపాడు. పచ్చకూరలో, అదే థాయ్ గ్రీన్ కర్రీలో, చేప సాస్ వేస్తారా? దాని బదులు సోయా సాస్ వేయగలరా? నూరిన ముద్దలో ఎండురొయ్యలు ఉంటాయా? మూకుడు కడిగారా? అన్నీ తేల్చుకుని, కూరగాయలూ టోఫూ వేయించుకుని, తృప్తిగా వచ్చి కూర్చుని, గ్లాసు దీపానికి ఎదురుగా ఎత్తి పట్టుకుని "ఎంత తేటగా ఉందో చూశావా!" అన్నాడు. ఆ తేటదనం ఎలా వస్తుందో నాకు అప్పటికే తెలుసు. ఆ పీపాలో మడ్డి దించడానికి ఎండబెట్టిన చేప గాలితిత్తులనుంచి తీసిన జిగురు కలుపుతారు. ఈమధ్య అది లేకుండా చేసేవాళ్ళు కూడా ఉన్నారు, కానీ ఆ వారం నీ పీపా ఆ రకం కాదు. చెప్పాలా, వద్దా? అప్పటికే రెండు గుక్కలు లోపలికి వెళ్ళిపోయాయి. స్నేహం పాతది. నేను బల్ల మీది రొయ్యల అప్పడాలు నా వైపు జరుపుకుని ఊరుకున్నాను. ఈ ఉత్తరం అతను చదవడని నమ్మకం.

నీ వంటగది నాకు చేసిన పరాభవం మాత్రం పదిమందిలో జరిగింది కాబట్టి దాచి లాభం లేదు. వంట చేసే అక్క కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, చిన్న చీటీ మీద రాసుకుంటూ కారం ఎంత కావాలని అడిగింది. ఇంగ్లీషు కారమా, థాయ్ కారమా? థాయ్ కారమే అన్నాను. కళ్ళజోడు మీదుగా చూసి "నిజంగానా?" అన్నది. "మాది గుంటూరు" అన్నాను, ఆ మాట చాలునన్నట్టు. మా మిర్చి యార్డు సంగతి ఆవిడ వినలేదట. జాలిపడ్డాను.

పళ్ళెం వచ్చింది. పాడ్ క్రపావ్. కోడిమాంసం కైమా, అందులో తులసి ఆకులు, వేడివేడి అన్నం, మీద అంచులు కరకరలాడే గుడ్డు. తులసికోట చుట్టూ తిరిగిన వంశంలో పుట్టి ఇది తినవచ్చునా అని ఒక్క క్షణం సందేహించి, ఆకలి వల్ల ఆ సందేహం మానేశాను. మొదటి ముద్దకు ఏమీ కాలేదు. ఇంతేనా అనుకున్నాను. రెండో ముద్ద సగంలో చెవులు మూసుకుపోయాయి. మా కారం వస్తున్నానని చెప్పి వస్తుంది, ఎర్రగా, నూనె తేలుతూ, ఘాటు దూరంనుంచే తెలుస్తూ. ఇది గోరంత పచ్చిమిరపకాయ. థాయ్ భాషలో దాని పేరుకు 'ఎలుక పెంటిక మిరప' అని అర్థం. ఆ పెంటిక నా నాలుక కింద ఎక్కడో కూర్చుని పని మొదలుపెట్టింది. కళ్ళు, ముక్కు ఒకేసారి కారాయి. చేతికందిన ఏల్ తాగాను. పన్నెండు డిగ్రీలు! ఆ చల్లదనం ఎందుకు సరిపోతుందో బోధించిన పెద్దమనిషి ఎదురుగానే ఉన్నాడు, ఈసారి మాత్రం నోరు మెదపలేదు. అక్క వంటగదిలోంచి వచ్చి, ఒక గిన్నెడు తెల్లన్నం, నాలుగు దోసకాయ ముక్కలు బల్ల మీద పెట్టి, "గుంటూరు" అని మాత్రం అని వెళ్ళిపోయింది. అప్పటినుంచి నీ చీటీల మీద నా పేరు గుంటూరు. పక్క బల్లవాళ్ళు నన్ను 'మిస్టర్ గుంటూరు' అని పిలుస్తారు. మా ఊరి పరువు నా నాలుక మీద పోయింది, అది కూడా 9 పౌండ్ల 50 పెన్నీలకు.

ఇంత చవకగా ఎలా పెడుతున్నావో అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది. అర్థమయ్యాక మాత్రం మా పల్లెటూరు గుర్తొచ్చింది. ఈ దేశంలో 1989లో ఒక ఉత్తర్వు వచ్చింది. పెద్ద బీరు తయారీదారుల చేతుల్లో అన్ని వేల పబ్బులు ఉండకూడదని. మంచి ఉద్దేశమే. వాళ్ళు అమ్మేశారు, బీరు కాచడం తెలియని కంపెనీలు కొనేశాయి. మా భూసంస్కరణలు చూసినవాళ్ళకు ఆశ్చర్యం ఏమీ ఉండదు. నీ గోడలు ఒక కంపెనీవి. పేరుకు ల్యాండ్‌లేడీ అయిన ఆవిడకు నేల లేదు, ఆవిడ కౌలుదారు. బీరు కూడా కంపెనీ చెప్పిన చోటే కొనాలి. కౌలు రైతు విత్తనాలు, ఎరువులు ఆసామి దుకాణంలోనే కొనాలన్న షరతు లాంటిది. బీరులో ఏమీ మిగలక, ఖాళీగా పడి ఉన్న వంటగదిని థాయ్ అక్కకు ఇచ్చింది. అది కౌలు మీద కౌలు. అక్క పొద్దున్నే వచ్చి ముద్దలు నూరి, కూరగాయలు తరిగి పెట్టుకుంటుంది. చీటీ పడ్డాక మూకుడులో నాలుగు నిమిషాల పని. వడ్డించడానికి మనిషి లేడు, తెల్ల గుడ్డలు లేవు, బల్లకు నాలుగో కాలు కూడా సరిగా లేదు. నా పచ్చకూర ధర ఆ లేకపోవడాల వల్లనే తక్కువ.

ఇప్పుడు ఆ కాగితం. 'మూడు వారాలు మూసి, సరికొత్త రూపంతో మీ ముందుకు.'

సరికొత్త రూపం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పక్క వీధిలో నీ వయసుదే ఒకటి ఆ చికిత్స చేయించుకుంది. గోడలకు వానాకాలపు మబ్బు రంగు. తీగలకు వేలాడే బల్బులు. బర్గరు చెక్కపలక మీద వస్తుంది, బంగాళాదుంప వేపుడు బొమ్మ బకెట్లో వస్తుంది, పళ్ళెంలో పెట్టవలసినవన్నీ పళ్ళెం తప్ప అన్నిటిలో వస్తాయి. ధరల పక్కన పౌండు గుర్తు ఉండదు, వట్టి '17' అని ఉంటుంది, అది డబ్బు కాదు ఏదో ముహూర్తం అన్నట్టు. నీ తివాచీ పీకేస్తారు. దాని అసలు రంగు ఏమిటో బతికున్నవాళ్ళెవరికీ తెలియదు, చెప్పులు అంటుకుపోతాయి, అయినా పీకవద్దు. దాని కింద ఏముందో చూడాలని ఎవరికీ లేదు.

ఊరికే కూర్చోలేదు నేను. 2011 నాటి లోకలిజం చట్టం కింద ఊరివాళ్ళు ఒక పబ్బును ఉమ్మడి ప్రయోజనం ఉన్న ఆస్తిగా నమోదు చేయించవచ్చు. సంఘంగా ఏర్పడి అడగడానికి కనీసం 21 మంది స్థానికులు కావాలి. సంతకాలకు తిరిగాను. పందొమ్మిది వచ్చాయి. ఇరవయ్యోది గళ్ళనుడికట్టు పెద్దావిడ, దరఖాస్తులో రెండు అక్షరదోషాలు దిద్దాక గానీ పెట్టనన్నది. దిద్దాను, పెట్టింది. ఇరవై ఒకటోది కుక్క యజమాని కుక్క చేత వేయిద్దామన్నాడు. చివరికి నా శాకాహారి స్నేహితుడు, మూడు వీధుల అవతలే ఉంటాడు కాబట్టి, వచ్చి సంతకం చేశాడు. "ఇంత స్వచ్ఛమైన బీరు ఇంకెక్కడా దొరకదు" అన్నాడు. తలవంచుకున్నాను. తర్వాత చట్టం మొత్తం చదివితే తెలిసింది: నిన్ను అమ్మబోతే ఆరు నెలలు ఆపించవచ్చు. మబ్బు రంగు వేయబోతే ఆపే సెక్షను లేదు.

అందుచేత అయ్యా, చట్టం వల్ల కానిది విన్నపం వల్ల కావాలి. కావాలంటే మరుగుదొడ్డి గొళ్ళెం బాగుచేయించుకో. అంతకు మించి అందంగా తయారవకు.

ఇట్లు
గుంటూరు
(బల్ల కాలు కింద మడిచిన అట్టముక్క పెట్టింది నేనే, పారేయవద్దు)

తా.క. సంక్రాంతికి అక్కకు ఇచ్చిన గోంగూర పచ్చడి సీసా వంటగదిలో పై అరలో ఉండాలి. తిని, "కారం తక్కువ" అన్నదట. మూసేలోగా ఆ సీసా ఇప్పించు. ఈసారి ఎలుక పెంటికలతో చేసి తెస్తాను.