బాల్కనీకి ఢిల్లీ ముహూర్తం

చార్మినార్‌కు కూతవేటు దూరంలో తాతల నాటి ఇల్లుందని చుట్టాల దగ్గర చెప్పుకోవడానికి భలే ఉంటుంది. ఆ ఇంటికి మరమ్మతు చేయించాల్సి వచ్చినప్పుడే ఒళ్లు హూనమవుతుంది.

అలాంటి ఓ ఇంటాయననే తీసుకుందాం. వీధి వైపు బాల్కనీని మోసే చెక్క దూలాలు పుచ్చిపోయాయి. టేకు కిటికీల కింది పట్టెలు వానకు నాని మెత్తబడ్డాయి. గోడ మీద గచ్చు పెచ్చులూడుతోంది. శ్రావణంలో కూతురి పెళ్లి. మేస్త్రీ వచ్చి బాల్కనీని ఓసారి, ఇంటాయన జేబును ఓసారి చూసి తేల్చేశాడు: "గింతే గదా సార్! బాల్కనీ పడగొట్టి స్లాబ్ ఏద్దాం. గోడకు సిమెంటు కొట్టి, కిటికీలకు యూపీవీసీ పెడితే ఖతం."

ఖతమయ్యేది ఏమిటో మేస్త్రీకి తెలియదు. 1958 నాటి కేంద్ర పురావస్తు చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం చార్మినార్ లాంటి రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆ పైన మరో 200 మీటర్ల వరకు, కట్టడమైనా మరమ్మతైనా అనుమతి ఉండాలి. మొదటి 100 మీటర్లలోనూ 1992 జూన్ 16కు ముందున్న ఇంటికి మరమ్మతు చేసుకోవచ్చు గానీ దానికీ అనుమతి కావాల్సిందే. కాదని నిషిద్ధ ప్రాంతంలో కట్టేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఇక్కడ బామ్మర్ది ప్రవేశిస్తాడు. (ఏ మరమ్మతూ బామ్మర్ది లేకుండా చెడిపోదు.) ఫోన్లో మ్యాప్ తెరిచి, చార్మినార్ నడిమధ్య నుంచి ఇంట్లో సోఫా దాకా గీత గీసి, "310 మీటర్లు బావా, మనం బయట పడ్డం!" అన్నాడు. కొలత నడిమధ్య నుంచి కాదు, రక్షిత హద్దు నుంచి. అటువైపు హద్దు నుంచి, ఇటువైపు సోఫా కాక స్థలం అంచు దాకా కొలిచేసరికి 300 లోపలే తేలింది.

బామ్మర్ది ఊరుకోలేదు. "హెరిటేజ్ రూలు 2015లనే ఎత్తేసిండ్రు గదా!" అని పేపర్లో చదివింది అప్పజెప్పాడు. ఎత్తేసిన మాట నిజమే. అది నగరంలోని వారసత్వ భవనాల కోసం 1995లో వచ్చిన రెగ్యులేషన్ 13. దాని తర్వాత 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. చార్మినార్ చుట్టూ గీసిన గీత మాత్రం కేంద్రం గీసింది, దానికీ దీనికీ చుట్టరికం లేదు.

సరే, దరఖాస్తు. యాజమాన్య పత్రాలు, దూరం చూపే సైట్ ప్లాను, ఇప్పుడున్న ముఖభాగం ఒకటి, చేయబోయేది ఒకటి చొప్పున కొలతలతో గీసిన డ్రాయింగులు, ఫోటోలు కావాలి. డ్రాయింగుల పనిని బామ్మర్ది ఫ్లెక్సీలు డిజైన్ చేసే దోస్తుకు అప్పగించాడు. ఆటో దూరని గల్లీలో ఇన్నోవా, రెండు కొబ్బరిచెట్లు, గేటు మీద రెండు సింహాలు వచ్చి కూర్చున్నాయి. పుచ్చిన దూలాలు మాత్రం ఎక్కడా లేవు. ఎత్తు రాయాల్సిన గడిలో గోడ ఎత్తు మాత్రం రాశారు. పిట్టగోడ, మెట్ల గది, నీళ్ల ట్యాంకు కలుపుకొని చెప్పాలి. పైనున్న నల్ల ట్యాంకు ఫోటోలో ఠీవిగా నిలబడి ఉంది, కాగితంలో లేదు. ఫైలు అక్కడే ఆగింది.

పెద్ద ముప్పు 'పని వివరాలు' అన్న గడిలో ఉంది. "బాల్కనీ తీసి స్లాబ్" అని రాస్తే అది మరమ్మతు కాదు, పునర్నిర్మాణం. "పుచ్చిన దూలాల స్థానంలో అదే కొలత టేకు దూలాలు, కిటికీలకు పాడైన కింది పట్టె వరకే కోసి అతుకు, గోడకు సున్నపు గచ్చు" అని రాస్తే మరమ్మతు. ఖర్చు కూడా దీనికే తక్కువ కావచ్చు. అది బామ్మర్దికి నచ్చలేదు, సింహాల మీద మనసు పడ్డాడు.

దరఖాస్తు తీసుకునే అధికారి (కాంపిటెంట్ అథారిటీ) 15 రోజుల్లో దరఖాస్తును ఢిల్లీలోని జాతీయ స్మారక ప్రాధికార సంస్థకు పంపాలి. వాళ్లకు రెండు నెలలు, వాళ్ల సిఫారసు వచ్చాక జవాబివ్వడానికి మరో నెల. మూడున్నర నెలలన్నమాట, అదీ కాగితాలు సక్రమంగా ఉంటేనే. వైశాఖం చివర వేసింది భాద్రపదంలో తేలుతుంది. పెళ్లిళ్లు లేని నెలలో పెళ్లింటి బాల్కనీకి అనుమతి! పైగా అది వచ్చాక బల్దియా (నగరపాలక సంస్థ) అనుమతి సంగతి వేరే చూసుకోవాలి.

ఈలోగా మేస్త్రీ ఖాళీగా ఉండలేక, "శాంపిల్ సార్" అంటూ కిటికీ పక్కన రెండడుగుల మేర సిమెంటు పూసేశాడు. మొదటి వానకే అసలు రంగు బయటపడింది. పాత గోడ సున్నంతో కట్టింది, తడిని పీల్చుకుని నెమ్మదిగా బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే తడి లోపల చిక్కి, ఉప్పు గట్టిపడి పొర ఉబ్బుతుంది. ఊడినప్పుడు ఒంటరిగా పోదు, వెనకున్న పాత గచ్చునూ పట్టుకుపోతుంది. రెండడుగుల శాంపిల్ నాలుగడుగుల బొక్క అయింది. అధికారులు మళ్లీ అడిగిన ఫోటోల్లో ఆ బొక్కే ముందు కనిపించింది. "పని ముందే మొదలుపెట్టారా?" అని అడిగారు. ఇంటాయన కాదనలేడు, అవుననలేడు.

పెళ్లి వేరే ఫంక్షన్ హాల్లో జరిగిపోయింది. అనుమతి ఉత్తరం ఆ తర్వాత వచ్చింది: ఎత్తు, ఆకారం మారకూడదు, డంగుసున్నమే వాడాలి. అంటే తడిపిన సున్నాన్ని వారాల తరబడి నీళ్లలో నానబెట్టి, ఒక పాలు సున్నానికి రెండు మూడు పాళ్ల ఇసుక కలిపి గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు చేర్చి, పలుచని పొరలుగా వేసి, తడి గోనెపట్టాలు కప్పి ఆరకుండా చూడటం.

మేస్త్రీకి ఉత్తరం చదివి వినిపించారు. అతను తల గోక్కుని, "గీ పని మా తాత చేస్తుండె సార్. ముందే చెప్తే అయిపోతుండె గదా!" అని, కూలి రేటు రెండింతలు చెప్పాడు. గానుగ కిరాయి వేరట.