వెలుగుతోందా, మిణుకుమంటోందా?

అస్తిత్వం మీద రేడియో ఇంటర్వ్యూ. స్లాటు 28 నిమిషాలు. అతిథి ఇంట్లోనే రికార్డింగు. ఫ్యాను ఆపారు. ఫ్రిజ్ ఆపి, వెళ్ళేటప్పుడు మళ్ళీ వేయడం మర్చిపోకుండా బండి తాళాలు అందులో పెట్టారు. రేడియో వాళ్ళ పాత చిట్కాయే ఇది. తాళాలు కావాలంటే ఫ్రిజ్ తలుపు తీయాల్సిందే, తీస్తే లోపల చీకటి, అప్పుడు గుర్తొస్తుంది.

మైకు నోటికి జానెడు దూరం. ఎదురుగా కాదు, ఓ 45 డిగ్రీలు పక్కకి. ఎదురుగా పెడితే ప, ఫ, బ, భలు పలికినప్పుడల్లా గాలి వచ్చి మైకుని గుద్దుతుంది, హెడ్‌ఫోన్‌లో దబ్బుమంటుంది. సామాజిక న్యాయం మాట్లాడేవారికి ఆ అక్షరాలు తప్పవు: పీడితులు, బహుజనులు, భాష, బతుకు, ప్రాతినిధ్యం, భావప్రకటన. ధనికుల గురించి మాట్లాడితే మైకుకి ఇంత కష్టం లేదు.

ఇక లెవెల్, అంటే గొంతు ఎంత గట్టిగా రికార్డవుతోందో, చూడాలి. దానికి రేడియో వాళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే: ‘పొద్దున్న ఏం తిన్నారు?’ అతిథి ఎంత పెద్ద మేధావైనా సరే. మామూలు గొంతుతో మాట్లాడుతుంటే మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, సున్నా తాకితే గొంతు పగిలినట్టే. ఆవిడ టిఫిను వివరాలు చక్కగా మైనస్ 12 దగ్గరే చెప్పారు.

అసలు కథ బొత్తంది. ఈ తరహా చేతి రికార్డర్లలో రికార్డు బొత్తం ఒకసారి నొక్కితే రికార్డు కాదు, స్టాండ్‌బై. ఎర్రలైటు మిణుకుమిణుకుమంటుంది. మీటర్లు ఎగురుతుంటాయి, హెడ్‌ఫోన్‌లో మాట ఖంగున వినిపిస్తుంది, కార్డు మీద మాత్రం ఒక్క ముక్క పడదు. రెండోసారి నొక్కితే లైటు నిలకడగా వెలుగుతుంది, కౌంటరు పరిగెడుతుంది. ఆ పైన ఇంకోసారి నొక్కితే కొన్నిటిలో ఆగుతుంది, మళ్ళీ నొక్కితే నడుస్తుంది. చెవిని నమ్మకూడదు, కౌంటరు కదులుతోందా అన్నదే చూడాలి. ఇది మాన్యువల్‌లో ఉంది. మాన్యువల్ ఆఫీసు బీరువాలో ఉంది.

లెవెల్ కోసం యాంకరు రెండుసార్లు నొక్కాడు, నడిచింది. టిఫిను అయ్యాక ఒకసారి నొక్కాడు, ఆగింది. ఇప్పుడు మళ్ళీ ఒకసారి నొక్కితే చాలు. కానీ మనవాడు జాగ్రత్తపరుడు. ‘రెండుసార్లు నొక్కాలి’ అని ఎవరో ఎప్పుడో చెప్పింది గుర్తుపెట్టుకుని, రెండుసార్లు నొక్కాడు. ఒక నొక్కుకి నడిచింది, రెండో నొక్కుకి ఆగింది. ఎర్రలైటు మిణుకుమిణుకుమంటూ ఇంటర్వ్యూ అంతా విన్నది.

ఎంత ఇంటర్వ్యూ! పుట్టిన ఊళ్ళో ‘నువ్వు ఇక్కడిదానివి కాదుగా’ అన్నారట, వెళ్ళిన ఊళ్ళోనూ అదే మాటట. ఆవిడ గొంతు కాస్త జీరబోయింది. రేడియోలో బంగారం లాంటి ఆ మూడు క్షణాల నిశ్శబ్దం కూడా వచ్చింది. యాంకరు హెడ్‌ఫోన్‌లో అంతా విని తలూపాడు. ఆఖర్న ఆ ప్రశ్న వేశాడు: ‘ఇంకొక్క నిమిషమే ఉంది, సామాజిక న్యాయం అంటే ఏంటో క్లుప్తంగా...’ ఎవరి నిమిషమది? లైవ్ కాదు, కార్డులో గంటలకొద్దీ ఖాళీ. అయినా ఆ ప్రశ్న ఆఖరి నిమిషంలోనే రావాలని రేడియోలో ఎవరో శాసనం చేసినట్టుంది.

అయిపోయింది కదా అని ఆపడానికి ఒకసారి నొక్కాడు. అప్పుడు నడవడం మొదలెట్టింది.

అలా పదిలంగా దొరికినవి: టిఫిను, ఇంటిపేరు ఎలా పలకాలో వెళ్ళేముందు అడిగిన యాంకరుకి, అంతసేపూ తప్పుగానే పిలిచారని ఆవిడ మర్యాదగా చెప్పడం, ఆ తర్వాత సమ్మతి పత్రం గొడవ. పత్రంలో ‘మీ గుర్తింపు’ అని గళ్ళు, కింద ‘ఏదైనా ఒక్కదానికే టిక్ పెట్టండి’ అని హెచ్చరిక. మనిషికి గుర్తింపు ఒక్కటే ఉండదని ఇంతసేపూ చెప్పిన మనిషి చేతిలో ఆ కాగితం! దాన్ని తయారుచేసిన మహానుభావుడు కార్యక్రమం ఒక్కటీ వినుండడు. ఆవిడ అన్నిటికీ టిక్ పెట్టారు. పెన్ను బరబరలతో సహా స్టూడియో నాణ్యతలో పడింది.

ఇలాంటప్పుడు రేడియో వాళ్ళు చెప్పుకునే పేరు స్టడ్స్ టెర్కెల్. షికాగోలో డబ్ల్యూఎఫ్ఎమ్‌టీ స్టేషన్‌లో 1952 నుంచి 1997 దాకా జనాన్ని మాట్లాడించినవాడు. 1961లో నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్‌తో చేసిన సంభాషణ ఇప్పటికీ వింటారు. ఆయనకీ యంత్రాలతో పడేది కాదు. మార్తా గ్రాహమ్ అంతటి నర్తకి ఇంటర్వ్యూ పోగొట్టుకున్నానని తనే చెప్పుకున్నాడు. తన తడబాటు చూసి అవతలివాళ్ళ బెరుకు పోయేదని కూడా అన్నాడు. ఈ ఉదాహరణ యాంకరుకి ఊరట, అతిథికి కాదు.

పాపం, ఆవిడ మళ్ళీ కూర్చున్నారు. రెండోసారి గొంతు జీరబోదు, ఎవరికీ పోదు. అడగడంలోనే తప్పుంది. అవే ప్రశ్నలు అదే వరసలో వేయకూడదు, వేరే వైపు నుంచి మొదలెట్టాలి. యాంకరు కాగితం చూసి అదే వరసలో వేశాడు. ప్రతి జవాబూ ‘ఇందాక చెప్పినట్టు’ అని మొదలైంది. శ్రోతకి ఆ ‘ఇందాక’ ఎక్కడ దొరుకుతుంది? ఎడిటింగులో అవన్నీ కోశాక మిగిలింది 11 నిమిషాలు.

మిగతా 17 నిమిషాలకీ పాటలు వేస్తారట.