‘ఏ సబ్జెక్టయినా పర్లేదు’ అన్న మెసేజ్ మన పిల్లల్ని ముంచుతుంది

భీమవరం, పాలకొల్లు, తణుకు చుట్టుపక్కల ఇంటర్ పిల్లల తల్లిదండ్రులున్న ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్. లెక్కలు చెప్పేవాణ్ణి కదా, "మాస్టారూ, ఇది నిజమేనా అండి?" అంటూ నాకూ పంపుతున్నారు. పొద్దున ఒకరు, రాత్రి ఇంకొకరు. విసుగొచ్చి అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

మెసేజ్ సారాంశం ఇది. ఇంటర్ అవగానే కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో (డిగ్రీ మొదటి రెండేళ్లు చదివి, ఆపైన యూనివర్సిటీకి మారే కాలేజీ) చేరండి, యూనిట్‌కి (సబ్జెక్టు బరువు కొలిచే లెక్క, క్రెడిట్ అన్నా అదే) 46 డాలర్లే. ఇంటర్ సబ్జెక్టులకు కొన్ని క్రెడిట్లు ఇచ్చేస్తారు. ఏ సబ్జెక్టు తీసుకున్నా 60 యూనిట్లయితే చాలు. మొదటి ఏడాది తేలికవి తీసుకుని జీపీఏ (గ్రేడ్ల సగటు) పెంచుకోండి, కష్టమైనవి యూనివర్సిటీకి మారాక చూసుకోవచ్చు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా బర్క్‌లీ క్యాంపస్‌లో సీటు గ్యారంటీ. ఇంటర్ మార్కులు ఎవరూ పట్టించుకోరు.

46 డాలర్లు కాలిఫోర్నియా వాసులకు. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వెళ్లినవాళ్లు కట్టేది నాన్‌రెసిడెంట్ (బయటివాళ్ల) ఫీజు, దానికి ఎన్నో రెట్లు. మన ఇంటర్ అక్కడివాళ్లకు పదకొండు, పన్నెండు తరగతుల కింద లెక్క, దానికి కాలేజీ క్రెడిట్లు మామూలుగా రావు. ఇక గ్యారంటీ. షరతులు తీరిస్తే సీటు ఖాయం చేసే టాగ్ అనే ఒప్పందం ఉన్న మాట వాస్తవమే. అది ఆ యూనివర్సిటీకి చెందిన డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లకే. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో అందులో లేవు. ఉన్న ఆరింటిలోనూ బ్రాంచిని బట్టి షరతులున్నాయి.

నాకు కోపం తెప్పించింది ‘తేలికవి ముందు’ అన్న మాట.

60 యూనిట్లు నిజమే, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో మూడో ఏడాదికి మారడానికి అన్ని సెమిస్టర్ యూనిట్లు కావాలి. కానీ ఆ అరవైలో రెండు రకాలుంటాయి. కొన్ని అంకె నింపడానికే పనికొస్తాయి, కొన్నిటిని మీవాడు చేరబోయే డిపార్ట్‌మెంటు తన సబ్జెక్టుగా ఒప్పుకుంటుంది. సినిమా చరిత్ర తీసుకుంటే యూనిట్లు పడతాయి. కంప్యూటర్ సైన్స్ వాళ్లు అడిగేది అది కాదు. వాళ్లు అడిగేది కాలిక్యులస్, ప్రోగ్రామింగ్, చాలాచోట్ల ఫిజిక్స్ కూడా.

ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి నడిచేవి. కాలిక్యులస్ ఒకటి అయితేనే రెండు, రెండయితేనే మల్టీవేరియబుల్. ఇంజినీరింగ్ ఫిజిక్స్‌లో మెకానిక్స్‌కి కాలిక్యులస్ కావాలి, ఎలక్ట్రిసిటీ ఆ మెకానిక్స్ తర్వాతే. నారు పోయకుండా నాట్లు వేయగలమా? చేతిలో ఉన్నవి నాలుగు సెమిస్టర్లు. మొదటి రెండూ తేలికవాటికి పోతే మిగతా రెండిట్లో ఈ వరుస పట్టదు. పైగా దరఖాస్తు పెట్టేది రెండో ఏడాది అక్టోబరు, నవంబరుల్లో. అప్పటికి వాళ్లు చూసేది మొదటి ఏడాది మార్కులే. అందులో ఒక్క లెక్కల సబ్జెక్టూ లేకపోతే వాళ్లు ఏం చూసి సీటివ్వాలి?

మారాక చదువుకోవచ్చట! అక్కడ మూడో ఏడాది క్లాసులకే ఈ కాలిక్యులస్ వచ్చి ఉండాలి. వెనక్కి పోయి చదివితే ఒక్కో అదనపు సెమిస్టరుకీ యూనివర్సిటీ ఫీజు. చెరువు లీజు డబ్బులు, దాళ్వా డబ్బులు కలిపి పంపుతున్న తండ్రికి ఆ మాట ఎవరు చెబుతారు? ఆకివీడు వైపు నుంచి వెళ్లిన నా పాత విద్యార్థి ఒకడు ఈ సలహానే విన్నాడు. మంచి జీపీఏ తెచ్చుకున్నాడు, రెండో ఏడాదిలో కాలిక్యులస్ మొదలుపెట్టాడు, మూడో ఏడాది కూడా అదే కాలేజీలో ఉండిపోయాడు. తెలివి తక్కువవాడు కాదు. ఇంటర్‌లో నా దగ్గర ఇంటిగ్రేషన్ చకచకా చేసినవాడు.

బరువైతే మధ్యలో వదిలేయొచ్చు అనీ అనుకోకండి. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు సెమిస్టరుకి 12 యూనిట్లు చదవాలి. కాలేజీ అనుమతి లేకుండా అంతకంటే తగ్గితే వీసాకే ఎసరు. ఆ పన్నెండులో ఆన్‌లైన్ క్లాసు ఒక్కటి మించి లెక్కలోకి రాదు. సి గ్రేడు వస్తే మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయనివ్వరు. అందుకే మొదటి సెమిస్టరులో కాలిక్యులస్, దాంతోపాటు ప్రోగ్రామింగో కెమిస్ట్రీయో, ఇంగ్లిష్, ఒక తేలికది. తేలికది ఒక్కటి ఉంటే నేను కాదనను.

ఇంటర్ మార్కులు పట్టించుకోరన్న చివరి పాయింటు మాత్రం మెసేజ్‌లో సరిగ్గానే ఉంది, ఒప్పుకోవాలి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి మారేటప్పుడు చూసేది కమ్యూనిటీ కాలేజీలో చదివిన సబ్జెక్టులు, వచ్చిన గ్రేడ్లు. శాట్ అనే అమెరికా ప్రవేశ పరీక్ష మార్కులు అసలు చూడరు. ఎంసెట్ ర్యాంకు చూసుకుని కుంగిపోయిన పిల్లలకు ఇది నిజంగా మంచి దారి. డిగ్రీ పట్టా మీద ఉండేదీ యూనివర్సిటీ పేరే.

ఆ దారిలో వెళ్లేవాళ్లు అసిస్ట్ అనే అధికారిక వెబ్‌సైటు తెరవండి. మీ కమ్యూనిటీ కాలేజీ, వెళ్లాలనుకున్న యూనివర్సిటీ, బ్రాంచి ఎంచుకుంటే ఆ కాలేజీలోని ఏ సబ్జెక్టు యూనివర్సిటీలో దేనికి సమానమో వరసగా చూపిస్తుంది. రెండు మూడు యూనివర్సిటీలకు చూడండి, ఒక్కోచోట ఒక్కో జాబితా ఉంటుంది. ఫీజు కట్టే ముందు కాలేజీ వాళ్లను ఒక ప్రశ్న అడగండి: ఈ ఫిజిక్స్, లీనియర్ ఆల్జీబ్రా ప్రతి సెమిస్టరూ చెబుతారా, ఏడాదికి ఒక్కసారేనా? చిన్న కాలేజీల్లో ఒక్కసారే చెప్పేవి ఉంటాయి.