ఎక్కడా ఆగకుండా బాసర

నిన్న రాత్రి మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో మా తమ్ముడు పెట్టిన ఒక్క వాక్యం నన్ను నిద్రపోనివ్వలేదు. “హన్మకొండ నుంచి బాసరకు ఐదు గంటలు, ఎక్కడా ఆగలే” అని రాసి, దాని కింద కారు ఫొటో పెట్టాడు. బంధువులందరూ వరుసగా బొటనవేలు గుర్తులు పెట్టి మెచ్చుకున్నారు. ఆ కారు వెనుక సీట్లో, డెబ్బై దాటిన అమ్మాబాపుల పక్కన కూర్చుని వెళ్లినదాన్ని నేను. ఆ ఐదు గంటల్లో కారుకు దక్కిన మర్యాద అందులో కూర్చున్న పెద్దవాళ్లలో ఒక్కరికీ దక్కలేదని చెప్పకుండా నేను ఉండలేను.

బయలుదేరే ముందు కారుకు సర్వీసింగ్ చేయించారు, టైర్లలో గాలి చూశారు, డీజిల్ నిండా పోయించారు. పదిహేడేళ్ల మా మేనల్లుడికి ఛార్జింగ్ అయిపోకుండా పవర్ బ్యాంకు, చిప్స్ ప్యాకెట్లు, కూల్‌డ్రింకు సర్దారు. అమ్మకు ఏం కావాలని మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు తాగడం మానేసింది. బీపీకి వేసుకునే మాత్రతో మూత్రం ఎక్కువగా వస్తుందని పొద్దున ఆ మాత్రను కూడా వదిలేసిన సంగతి నాకు కరీంనగర్ దాటాక తెలిసింది. ఎందుకలా చేశావని అడిగితే, “నడిమిట్ల బండి ఆపుమని ఎవరికి చెప్తం బిడ్డా” అంది. నా చిన్నప్పటి నుంచి ఏ ప్రయాణంలోనూ ఆమె కడుపునిండా నీళ్లు తాగడం నేను చూడలేదు. పెట్రోలు బంకులో తాగునీరు, మరుగుదొడ్డి, టైర్లకు ఉచితంగా గాలి ఉండాలన్నది నియమం. కానీ ఆమె కోసం నేను పట్టుబట్టి ఆపించిన ఒకే ఒక్క బంకులో మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో అక్కడి పిల్లవాడికి తెలియదు. మా తమ్ముడి లెక్కలో అది ఆగినట్టు కాదు, ఎందుకంటే ఇంజను బంద్ చేయలేదు.

ఇక సీట్ల విషయం. ముందు సీటు మేనల్లుడిది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోనులో మునిగిపోయిన ఆ పిల్లవాడు బాసర చేరేదాకా అద్దంలోంచి ఒక్కసారి బయటికి చూడలేదు. కారెక్కితే వాంతులయ్యే అమ్మ మాత్రం వెనుక సీటు మధ్యలో, కాళ్ల కింద ఎత్తుగా ఉండే గట్టు మీద మోకాళ్లు మడిచి కూర్చుంది. చెవి లోపలి భాగం ఒళ్లు కదులుతోందని చెబుతుంటే, కళ్లకు ఎదురుగా కదలని సీటు వెనుక భాగం మాత్రమే కనబడుతుంటే, ఆ రెండింటికీ పొంతన కుదరక కడుపులో తిప్పుతుంది. ముందు కూర్చుని దూరంగా రోడ్డు చివరికి చూస్తే చాలామందికి అది తగ్గుతుంది. ఈ ముక్క మా ఇంట్లో అందరికీ తెలుసు, అయినా ముందు సీటు పిల్లలకే చెందుతుందన్న అలవాటు మారదు. బాపుకు షుగరు, కాళ్లకు వాపు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుందని, మధ్యమధ్యలో దిగి నాలుగడుగులు వేస్తే పిక్కల కండరాలు రక్తాన్ని పైకి నెడతాయని ఆయన డాక్టరు చెప్పినప్పుడు తమ్ముడూ నాతోపాటు అక్కడే కూర్చుని విన్నాడు.

మేము చిన్నప్పుడు ఆర్టీసీ బస్సులో తిరిగిన రోజుల్లో ఇంతకంటే సుఖంగా ప్రయాణించామని నా గట్టి నమ్మకం. కరీంనగర్ బస్టాండులోకి బండి రాగానే కండక్టరు “పది నిమిషాలు ఆగుతది” అని అరిచేవాడు. ఆ పది నిమిషాల్లో బాపు చాయ తాగేవాడు, అమ్మ ముఖం కడుక్కుని పక్క సీటు ఆమెతో మాట కలిపేది, సంచిలోంచి సర్వపిండి తీసి అందరికీ తుంచి పెట్టేది. సొంత కారు కొన్నాక ఆ పది నిమిషాలు ఎవరు లాగేసుకున్నారు? ఎప్పుడంటే అప్పుడు, ఎక్కడంటే అక్కడ ఆపుకునే వీలు కోసమే కదా మనిషి లక్షలు పోసి కారు కొనుక్కునేది!

మాఘమాసంలో కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు వైపు వెళ్లినవాళ్లకు తెలుస్తుంది, ఆ దారి పొడుగునా కళ్లాల్లో పసుపు ఉడకబెట్టి ఆరబోస్తుంటారు. ఆ వాసన కోసమైనా రెండు నిమిషాలు అద్దాలు దించమన్నాను. దుమ్ము వస్తుందని, ఏసీ పోతుందని తమ్ముడు ఒప్పుకోలేదు. బయటి గాలి రాకుండా ఉన్న గాలినే తిప్పే మీట నొక్కి ఉంచడంతో, ఐదుగురు వదిలిన ఊపిరి లోపలే నిండి అందరికీ తల దిమ్ముగా, మత్తుగా అయింది. నడిపేవాడికీ అదే మత్తు కమ్ముతుందని వాడికి ఎవరు చెప్పాలి?

ఇవన్నీ నేను సహించేదాన్నేమో. ఆర్మూరు దగ్గర జరిగింది మాత్రం సహించలేను. మా బాపు కాకతీయ కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. మానకొండూరు, హుజూరాబాద్ వైపు ఆ కాలువ గట్ల మీద సైకిలు తొక్కుతూ ఆయన జీవితం గడిచింది. 1963లో నెహ్రూ పోచంపాడు దగ్గర గోదావరి మీద శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ డ్యామ్ నుంచి ఆ కాలువ బయలుదేరి, కరీంనగర్ దగ్గర దిగువ మానేరు జలాశయం దాటి మా వరంగల్ పొలాలకు వస్తుంది. అంటే మేము బాసరకు వెళ్లిన దారికి ఎదురుగా గోదావరి నీళ్లు మా ఊరికి వస్తుంటాయి. అన్నేళ్లు ఆ నీళ్లకు లెక్క రాసిన మనిషి ఆ కాలువ తల ఎక్కడుందో కళ్లారా చూడలేదు. ఆర్మూరులో ఆయన చాలా మెల్లగా, “పోచంపాడు ఇక్కడికి ఇరవై కిలోమీటర్లే, ఒక్కసారి చూసి పోదామారా” అని అడిగాడు. “డ్యామ్‌ల చూసుడేముంటది బాపూ, నీళ్లే గదా” అని తమ్ముడు నిజామాబాద్ వైపు బండి తిప్పాడు. ఆ రాత్రి మేము బాసరలోనే ఉండిపోయాం. దర్శనం తెల్లవారి. సాయంత్రం నుంచి పడుకునే దాకా తమ్ముడు గదిలో ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. మిగిల్చిన ఆ గంట దేనికి ఖర్చయిందో నేను కళ్లారా చూశాను. బాపు మళ్లీ ఆ మాట ఎత్తలేదు, తిరుగు ప్రయాణంలో ఆర్మూరు వచ్చినప్పుడు కళ్లు మూసుకున్నాడు.

పెద్దవాళ్లకు కారు ప్రయాణం ఆనందంగా ఉండాలంటే కొత్త వస్తువులేవీ కొననక్కర్లేదు. గంటన్నరకోసారి ఆపాలి, పెద్దవాళ్లు అడగకముందే ఆపాలి. దారిలో ఏ ఒక్కచోటు చూడాలని ఉందో ప్రతి పెద్ద మనిషినీ ముందు రోజే అడిగి, ఆ సమయాన్ని కలుపుకుని బయలుదేరాలి. పాటలు కూడా నడిపేవాడి ఇష్టమే ఎందుకు కావాలి? బాపుకు ఒగ్గుకథ ప్రాణం. మల్లన్న కథ తీరిగ్గా వినడానికి ఐదు గంటల దారికి మించిన అవకాశం ఇంట్లో ఎన్నడూ దొరకదు. అది కాస్త తగ్గించి, మానకొండూరు దాటుతున్నప్పుడు ఆ కాలువ కట్టిన నాటి సంగతి ఒక్కటి అడిగితే ఆయన జగిత్యాల దాకా చెబుతూనే ఉంటాడు. నిన్న ఆ కారులో ఒక్కరం కూడా ఆయనను ఏమీ అడగలేదు, నేనూ అడగలేదు.

వచ్చే ఆదివారం డ్రైవరుతో సహా కారు కిరాయికి మాట్లాడాను. ముందు సీటు అమ్మది. ఎక్కడ ఆగేదీ డ్రైవరుకు ముందే చెప్పాను. పోచంపాడు వెళుతున్నామని చెప్పినప్పుడు బాపు, “గేట్లు ఎత్తకున్నా మంచిదే, కాలువ మొదలు చూస్తే సాలు” అన్నాడు. అమ్మ మాత్రం ఇప్పటి నుంచే నీళ్ల గురించి ఆలోచిస్తోంది. జగిత్యాలకూ ఆర్మూరుకూ మధ్య తాళం వేయని, శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడుందో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. ఆ జాగా పేరు ఆమెకు ముందే చెప్పి, బయలుదేరే రోజు పొద్దున మాత్ర వేయించాలి.