కనిపించని లండీనియం: రోమన్ నడకలో గైడ్ ఎవరి కథ చెప్పాలి?

రోమ్‌లో గైడ్ లేకపోయినా పెద్ద నష్టం లేదు. కొలోసియం ముందు నిలబడితే అదేమిటో చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. లండన్ సంగతి వేరు. క్రీ.శ. 50కి కాస్త అటూ ఇటూగా రోమన్లు థేమ్స్ ఒడ్డున కట్టుకున్న లండీనియం ఇప్పుడు చాలాచోట్ల రోడ్డుకు ఐదారు మీటర్ల లోతున ఉంది. దాని మీద బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు, అద్దాల టవర్లు లేచాయి. మిగిలిన ముక్కలు చర్చి నేలమాళిగలో ఒకటి, ఆఫీసు బేస్‌మెంట్‌లో ఒకటి, కార్ పార్కింగ్‌లో ఇంకొకటి ఉన్నాయి. వీటన్నిటినీ కలిపి ఒక ఊరుగా చూపించాలంటే ఎవరో ఒకరు మనల్ని వెంటబెట్టుకుని నడవాల్సిందే. అందుకే ఆ రెండు గంటల్లో గైడ్ ఏం చెబుతున్నారు, ఏం వదిలేస్తున్నారు అన్నదాన్ని టైంపాస్ వ్యవహారంగా కొట్టిపారేయలేం.

నడక సాధారణంగా టవర్ హిల్ ట్యూబ్ స్టేషన్ దగ్గర మొదలవుతుంది. మెట్లు దిగి పల్లంలో ఉన్న తోటలోకి వెళ్తే పది మీటర్లు దాటిన ఎత్తున గోడ కనిపిస్తుంది. అందరూ ‘రోమన్ గోడ’ అనుకుంటూ ఫొటోలు తీసుకుంటారు. నిజానికి అందులో రోమన్లు కట్టింది కింది నాలుగు మీటర్ల పైచిలుకే. మిగతాదంతా మధ్యయుగంలో లేపింది. దగ్గరికెళ్లి చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది. కింద చెక్కిన రాళ్లు వరసగా, ఇంచుమించు ఒకే కొలతలో ఉంటాయి. కొన్ని వరసలకొకసారి ఎర్రటి ఇటుక పలకల పట్టీ అడ్డంగా పోతుంది. పైభాగంలో రాళ్లు చిన్నా పెద్దా, దొరికినవి దొరికినట్టు పేర్చారు. ఆ ఎర్ర పట్టీ అందం కోసం పెట్టింది కాదు. గోడ లోపల నింపిన రాతి ముక్కలు జారిపోకుండా పట్టి ఉంచేది అదే.

లండన్ చుట్టుపక్కల కట్టుబడికి పనికొచ్చే రాయి దొరకదు. ఈ రాయి కెంట్ ప్రాంతంలోని మెయిడ్‌స్టోన్ వైపు నుంచి, మెడ్వే నది మీదుగా థేమ్స్‌లోకి పడవల మీద వచ్చింది. ఆ రాయితోనే మునిగిపోయిన రోమన్ కాలపు పడవ ఒకటి 1962లో బ్లాక్‌ఫ్రయర్స్ దగ్గర నది బురదలో బయటపడింది. సుమారు మూడు కిలోమీటర్ల గోడకు 85 వేల టన్నుల రాయి పట్టి ఉంటుందని అంచనా. ఎన్ని వందల పడవలు ఎన్నిసార్లు తిరిగితే అంత రాయి చేరింది, ఆ బరువు మోసినవాళ్లెవరు? గోడ ముందు నిలబడి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదేనని నాకనిపిస్తుంది.

గోడ ముందు ట్రాజన్ చక్రవర్తిదని చెప్పే కంచు విగ్రహం ఒకటుంది. విగ్రహం ఆధునిక కాలానిది. ట్రాజన్ చనిపోయింది 117లో, గోడ లేచింది 200 ప్రాంతంలో. రెంటికీ సంబంధమే లేదు. ఈ ముక్క విడమరిచి చెప్పే గైడ్ దొరికితే ఆ టూర్ మీద నమ్మకం పెట్టుకోవచ్చు. బ్రిటన్‌లో ఎవరైనా, ఏ లైసెన్సూ లేకుండా టూర్ నడపొచ్చు. సిటీ ఆఫ్ లండన్ (లండీనియం ఉన్న చోటే నిలిచిన లండన్ పాత కేంద్రం, వాడుకలో ‘సిటీ’) బ్యాడ్జి ఉన్న గైడ్లు మాత్రం కోర్సు చదివి, పరీక్ష పాసై వస్తారు. చక్రవర్తి విగ్రహాన్ని చూపించి ముందుకు సాగిపోవడం తేలిక. ఆ పక్కనే ఉన్న శిలాఫలకం నకలు దగ్గర ఆగడానికి చదువు కావాలి.

ఆ ఫలకం జూలియస్ అల్పినస్ క్లాసిసియానస్ అనే అధికారి సమాధిది. క్రీ.శ. 60-61లో స్థానిక రాణి బౌడికా రోమన్ల మీద తిరగబడి లండీనియాన్ని తగలబెట్టింది. సిటీలో లోతుగా తవ్విన చాలాచోట్ల ఆ మంటలకు కాలి ఎర్రబారిన మట్టి పొర ఇప్పటికీ తగులుతుంది. తిరుగుబాటు అణిగాక గవర్నర్ సుయెటోనియస్ పౌలినస్ జనం మీద పగ తీర్చుకుంటుంటే, ఆర్థిక వ్యవహారాలు చూడ్డానికి వచ్చిన ఈ క్లాసిసియానస్ అడ్డుపడ్డాడు. ఓడినవాళ్ల మీద కోపం లేని కొత్త గవర్నర్ వచ్చేదాకా ఆగండని జనానికి చెప్పాడు, రోమ్‌కూ ఫిర్యాదు రాశాడు. రోమన్ చరిత్రకారుడు టాసిటస్‌కు ఈ క్లాసిసియానస్ అంటే పడదు. వ్యక్తిగత ద్వేషంతో ప్రభుత్వ పనికి అడ్డం వచ్చాడని తిట్టిపోశాడు. ఆయన సమాధి రాళ్లు మాత్రం 1852లో కొన్ని, 1935లో మరికొన్ని ఈ టవర్ హిల్ దగ్గరే దొరికాయి. పగ వద్దన్న పాలకుడి పేరు అలా నిలిచింది. అసలు రాళ్లు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన అమరావతి శిల్పాలు చూడ్డానికి అక్కడికి వెళ్లే తెలుగువాళ్లు అదే కప్పు కింద వీటిని కూడా ఒకసారి చూసి రావచ్చు.

సిటీ పాత పాలక భవనం గిల్డ్‌హాల్ ముంగిట్లో నేల మీద నల్లరాతి గీత ఒకటి వంపు తిరిగి పోతుంది. కింద ఉన్న రోమన్ ఆంఫీథియేటర్ (చుట్టూ కూర్చుని పోటీలు చూసే గుండ్రటి ప్రాంగణం) హద్దు అది. 1988లో కొత్త ఆర్ట్ గ్యాలరీ కోసం తవ్వుతుంటే బయటపడింది. బేస్‌మెంట్‌లోకి దిగితే రాతి గోడలు, నీరు పోవడానికి వేసిన చెక్క కాలువ కూడా చూడొచ్చు. ఇక్కడికి రాగానే చాలా టూర్లు గ్లాడియేటర్ల కథ అందుకుంటాయి. కత్తులు, రక్తం, ఏడు వేల మంది అరుపులు. పిల్లలకు నచ్చుతుందని నేనూ ఒప్పుకుంటాను. కానీ లండీనియం ఎందుకు పుట్టిందో, ఎలా బతికిందో ఆ అరుపుల్లో దొరకదు. ఇది సరుకు దించుకుని, లెక్క రాసుకుని, అప్పులిచ్చి పుచ్చుకున్న ఊరు. బౌడికా దాడి నాటికే ఇది వ్యాపారులతో కిటకిటలాడేదని టాసిటస్ రాశాడు.

దానికి సాక్ష్యం వాల్‌బ్రూక్ దగ్గర దొరికింది. ఒకప్పుడు అక్కడ పారిన వాగు బురదలో గాలి చొరబడక చెక్క కుళ్లకుండా ఉండిపోయింది. బ్లూమ్‌బర్గ్ కంపెనీ భవనం కోసం 2010 తర్వాత జరిగిన తవ్వకాల్లో 405 చెక్క పలకలు వచ్చాయి. రోమన్లు పలకను కాస్త తొలిచి, నల్లటి మైనం పోసి, దాని మీద ఇనుప గంటంతో రాసేవాళ్లు. మైనం ఎప్పుడో పోయింది. గంటం గట్టిగా నొక్కిన చోట చెక్క మీద పడ్డ గీతలు మిగిలాయి. ఆ గీతల్ని పట్టుకుని అక్షరాలు చదివారు. ఒక పలక మీద తారీఖు క్రీ.శ. 57 జనవరి 8. వెనుస్టస్ దగ్గర బానిసగా ఉండి విడుదలైన టిబుల్లస్, స్పూరియస్ దగ్గర విడుదలైన గ్రాటస్‌కు సరుకు తాలూకు 105 డెనారీలు (రోమన్ వెండి నాణేలు) బాకీ ఉన్నానని రాసిచ్చాడు. గ్రాటస్‌కు గానీ, హక్కున్న మరొకరికి గానీ చెల్లిస్తానన్న మాట కూడా అందులో ఉంది. చదువుతుంటే మన ఊళ్లలో రాసుకునే ప్రోనోటే గుర్తొస్తుంది. బ్రిటన్‌లో తారీఖుతో సహా దొరికిన చేతిరాతల్లో ఇదే అన్నిటికంటే పాతది. రాసిచ్చిందీ పుచ్చుకుందీ ఇద్దరూ మాజీ బానిసలే. చక్రవర్తి ఊసు అందులో తారీఖు చెప్పడానికే వస్తుంది.

అక్కడికి కొద్ది అడుగుల దూరంలో నంబర్ వన్ పౌల్ట్రీ భవనం ఉంది. దాని కింద 1994లో మరో పలక దొరికింది. ఫార్చునాటా అనే అమ్మాయిని 600 డెనారీలకు కొన్న క్రయపత్రం అది. ఆమెది గాల్ దేశం, అంటే నేటి ఫ్రాన్స్ వైపు. ‘ఆరోగ్యంగా ఉంది, పారిపోయే రకం కాదు’ అని అమ్మినవాడు హామీ ఇచ్చాడు. కొన్నవాడి పేరు వెజిటస్. అతనూ బానిసే, చక్రవర్తి బానిస కింద పనిచేసే బానిస. ఫార్చునాటా అంటే అదృష్టవంతురాలు అని అర్థం. ‘ఈ పేరుగానీ, మరే పేరుగానీ’ అని పత్రంలో రాసుకున్నారు, అంటే ఆమె అసలు పేరేమిటో కొనేవాడికి అక్కర్లేదు. టూర్లు ఈ భవనం పక్క నుంచే వెళ్తాయి. అక్కడ రెండు నిమిషాలు ఆగి ఈ అమ్మాయి సంగతి చెప్పని గైడ్‌ను, ఎంత చక్కగా మాట్లాడినా, మంచి గైడ్ అని నేను అనలేను.

లోయర్ థేమ్స్ స్ట్రీట్‌లో ఒక ఆఫీసు భవనం కింద రోమన్ ఇల్లు, స్నానశాల ఉన్నాయి. 1848లో బయటపడ్డాయి. గైడ్‌తో తప్ప లోపలికి వెళ్లడానికి ఉండదు. వరసగా పేర్చిన ఇటుక పలకల పొట్టి స్తంభాలు, వాటి మీద నిలిచిన నేల, కింద వేడిగాలి తిరిగిన ఖాళీ. కూలిపోయిన పైకప్పు పెంకుల మధ్య ఐదో శతాబ్దానికి చెందిన శాక్సన్ బ్రోచ్ (రోమన్ల తర్వాత వచ్చినవాళ్లు బట్టలకు పెట్టుకునే పిన్ను) ఒకటి దొరికింది. రోమన్లు వెళ్లిపోయాక ఆ శిథిలాల్లో తిరిగిన ఎవరో ఆడమనిషి పారేసుకున్నట్టుంది. ఒక నగరం ఖాళీ అయిపోవడం గురించి ఇంతకంటే సూటిగా చెప్పే వస్తువు నాకు తెలియదు.

ఇదంతా ఇలా మిగలడం వెనుక గొడవలున్నాయి. 1989లో షేక్స్పియర్ కాలపు రోజ్ థియేటర్, హగ్గిన్ హిల్ రోమన్ స్నానశాల భవన నిర్మాణాల కింద పడబోతే జనం వీధుల్లోకి వచ్చారు. ఆ మరుసటి ఏడాదే ప్రభుత్వం కొత్త ప్లానింగ్ మార్గదర్శకాలు తెచ్చింది. పాత నేలను కదిలించి కట్టుకునేవాడే పురావస్తు తవ్వకాల ఖర్చు భరించాలన్నది దాని సారాంశం. వాల్‌బ్రూక్ తవ్వకాలు జరిగింది ఈ పద్ధతి కిందే. 2025 ఫిబ్రవరిలో గ్రేస్‌చర్చ్ స్ట్రీట్‌లో ఒక ఆఫీసు భవనం కింద లండీనియం తొలి బసిలికా (ఊరి పాలన, న్యాయ వ్యవహారాలు నడిచే సభా భవనం) గోడలు కనబడితే, వాటిని కొత్త టవర్‌లో జనానికి చూపించాలని నిర్ణయించారు.

అంతకు ముందు లండన్ కూడా చేయరాని పని చేసింది. 1954లో వాల్‌బ్రూక్ దగ్గర రోమన్లు కొలిచిన మిత్ర (మిత్రాస్) దేవుడి గుడి దొరికితే వేలాది మంది క్యూ కట్టి చూశారు. విషయం చర్చిల్ మంత్రివర్గం దాకా వెళ్లింది. చివరికి దాన్ని పెళ్లగించి, 1962లో వంద మీటర్ల అవతల రోడ్డు మట్టం మీద సిమెంటుతో అతికించారు. నేలకింద చీకటి గుహలా ఉండాల్సిన గుడిని ఎండలో పెట్టారు. తప్పు సరిదిద్దుకోవడానికి 2017 దాకా పట్టింది. ఇప్పుడది మళ్లీ దాదాపు అసలు చోటే, ఏడు మీటర్ల లోతున ఉంది, ఉచితంగా చూడొచ్చు.

అదే 1954లో మన దగ్గర నాగార్జునకొండ తవ్వకాలు మొదలయ్యాయి. 1960 దాకా సాగాయి. సాగర్ నీళ్లు అక్కడి ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని ముంచేలోపు కొన్ని కట్టడాల్ని కొండ మీదికి, అనుపుకు తరలించారు. మెట్లమెట్లుగా కూర్చునే ఏర్పాటున్న క్రీడా ప్రాంగణం ఒకటి అలా అనుపుకు చేరింది. దాన్ని రోమన్ ఆంఫీథియేటర్లతో పోల్చినవాళ్లున్నారు. రోమన్ నాణేలు కూడా ఆ లోయలో దొరికాయి. లండన్ గుడిని బిల్డింగ్ కోసం కదిపితే, మనం లక్షల ఎకరాల నీటి కోసం కదిపాం. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. గిల్డ్‌హాల్ కింద రాయి కదలకుండా ఉంది కాబట్టి అక్కడ గైడ్ పని సగం రాయే చేసిపెడుతుంది. అనుపులో అలా కాదు. ఈ ప్రాంగణం అసలు ఎక్కడుండేది, ఆ చోటు ఇప్పుడు ఎన్ని అడుగుల నీళ్ల కింద ఉంది, ఇక్కడ ఏ ఇటుక పాతది, ఏది మళ్లీ కట్టింది, ఎవరెవరి ఊళ్లు దీనితో పాటు మునిగాయి అని చెప్పే మనిషి లండన్ కంటే అక్కడే ఎక్కువ అవసరం. మాచర్ల, హాలియా చుట్టుపక్కల డిగ్రీలో చరిత్ర చదివిన పిల్లలున్నారు. ఒక కోర్సు, ఒక పరీక్ష, ఒక బ్యాడ్జి, నెలనెలా జీతం. ఇంతకు మించి పెట్టుబడి అక్కర్లేదు. పర్యాటక శాఖ కొత్త బోటు కొనేముందు ఈ పని మొదలుపెట్టాలి.