మస్టర్ చదివిన పిల్ల

యువ నాయకత్వ ఫెలోషిప్‌లకు దరఖాస్తు పెట్టుకోమని వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ పోస్టర్లు తిరుగుతున్నాయి. డిగ్రీ ఉండాలి. ఇంగ్లిష్ వచ్చి ఉండాలి. ‘సమాజంలో మార్పు కోసం నా తపన’ లాంటి అంశం మీద వ్యాసం రాసి పంపాలి. ఆ గండం గట్టెక్కితే వీడియో ఇంటర్వ్యూ. ఎంపికైన వాళ్లు ఏడాదో రెండేళ్లో ఏ పల్లెలోనో బస్తీలోనో పనిచేస్తారు. చివర్లో సర్టిఫికెట్, లింక్డిన్‌లో ఒక లైను.

నేను చూసిన గట్టి నాయకురాలు ఈ లెక్కన మొదటి రౌండ్లోనే ఇంటికి పోయేది.

ఆమెను చూసి పదేళ్లు దాటింది. తెలంగాణలో ఒక మండల కేంద్రం. ఉపాధి హామీ పనుల లెక్కలను జనం మధ్య సరిచూసే సామాజిక తనిఖీ పూర్తయ్యాక, దొరికిన తప్పులను అందరి ముందు చదివే ప్రజా వేదిక పెట్టారు. ఆఫీసు ఆవరణలో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, గీపెట్టే మైకు. ముందు వరసలో అధికారులు, వాళ్ల పక్కనే మండలంలో పేరున్న నాయకులు. కూలీలు వెనక నేల మీద కూర్చున్నారు. ఇరవై రెండేళ్లుంటాయేమో, ఆ పిల్ల లేచి మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, తనిఖీ చేసిన కాగితాలు పట్టుకుంది. చేతులు వణుకుతున్నాయి. ‘ఈ మస్టర్‌లో ఆరు దినాలు పనిజేసినట్టు రాసిన పెద్దాయన అంతకు నాలుగు నెలల ముందే సచ్చిపోయిండు. డెత్ సర్టిఫికెట్ జత చేసినం’ అని చదివింది. ముందు వరసలోంచి ఒకాయన, ‘ఎవరమ్మా నువ్వు? ఏ ఊరు? ఎవరి బిడ్డవు?’ అన్నాడు. అదంతా ఒకే ప్రశ్న, అర్థం అందరికీ తెలుసు. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, ‘కూలోల్ల బిడ్డనే సార్. పేరా నంబర్ తొమ్మిది, సదవమంటరా?’ అంది. వెనక నేల మీద ఉన్నవాళ్లలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.

ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ సామాజిక తనిఖీ చేయించాలని చెప్పింది. 1994లో రాజస్థాన్‌లోని కోట్‌కిరానా ఊళ్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం తొలి బహిరంగ విచారణ పెట్టి చూపించిన దారి అది. చట్టంలో ఉంది కదా అని చాలా రాష్ట్రాలు కాగితం మీద కానిచ్చేశాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మాత్రం 2006లోనే మొదలుపెట్టి, 2009లో దీనికోసమే విడిగా ఒక సొసైటీ పెట్టింది. తనిఖీకి కూలి కుటుంబాల్లో పదో ఇంటరో చదివిన పిల్లలను తీసుకున్నారు. కొద్దిరోజులు శిక్షణ ఇచ్చి, సొంత ఊరికి కాకుండా పక్క ఊళ్లకు పంపారు. చేతికి మస్టర్లు, కొలతల పుస్తకాలు, చెల్లింపుల లిస్టులు ఇచ్చారు. వాళ్లు ఇల్లిల్లూ తిరిగి, పేరు చదివి, ‘ఈ వారం పనికి పోయినవా అవ్వా? పైసలెన్ని ఇచ్చిన్రు?’ అని అడిగేవాళ్లు. చెరువు పూడిక ఎంత తీశారో టేపు పట్టి కొలిచేవాళ్లు. గ్రామసభలో చదివి వినిపించాక, ఆ రిపోర్టే మండలంలో పదిమంది ముందుకు వచ్చేది.

జనాన్ని కూడగట్టే విద్య అంటే ఇంతకన్నా ఏముంది? కొత్త ఊళ్లో తలుపు తట్టడం, భయపడే మనిషి చేత నోరు విప్పించడం, సర్కారు కాగితాన్ని చదివి అర్థం చేసుకోవడం, చివరికి తప్పు చేసినవాడి ఎదుటే మైకులో చెప్పడం. ఫైవ్‌స్టార్ హోటల్లో మూడు రోజుల వర్క్‌షాప్ పెట్టి, రంగురంగుల స్టికీ నోట్లు గోడకు అంటిస్తే రాని విద్య ఇది. దీనికి ఎవరూ ఫెలోషిప్ అని పేరు పెట్టలేదు. బహుశా అందుకే బతికి బట్టకట్టింది.

ఫెలోషిప్‌ల వైపు వాదన నాకు తెలియనిది కాదు. పట్నంలో పెరిగిన కుర్రాడు రెండేళ్లు పల్లెలో ఉంటే వాడి కళ్లు తెరుచుకుంటాయి, రేపు వాడు ఏ పెద్ద కుర్చీలో కూర్చున్నా ఆ ఊరు గుర్తుంటుంది అంటారు. నిజమే. 2012లో నక్సల్ ప్రభావిత జిల్లాల కలెక్టర్లకు సాయంగా వెళ్లిన ప్రధానమంత్రి గ్రామీణాభివృద్ధి ఫెలోలలో నిజాయితీగా కష్టపడ్డవాళ్లు ఉన్నారు. కానీ అక్కడ నేర్చుకున్నది ఫెలో. వాళ్లు తట్టాబుట్టా సర్దుకుని వెళ్లాక ఆ ఊరికి మిగిలిందేమిటన్నదే నా ప్రశ్న.

అలాగని స్థానికులను పెట్టుకుంటే చాలు, అంతా సర్దుకుంటుందా? ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టు 15న వచ్చిన వాలంటీర్ల వ్యవస్థను చూడండి. యాభై ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయలు, మొత్తం రెండున్నర లక్షల మందికి పైగా యువత. అందరూ ఆ ఊరివాళ్లే, ఏ ఇంట్లో ఏ ఇబ్బంది ఉందో నోటి లెక్కగా తెలిసినవాళ్లే. దేశంలో ఏ ఫెలోషిప్పూ కలలో కూడా ఊహించలేని సైన్యం. వాళ్ల చేత తెల్లవారుజామునే పింఛన్లు పంచించారు, పథకాల లిస్టులు రాయించారు. పైవాళ్లను ఒక్క ప్రశ్న అడిగే అధికారం మాత్రం ఇవ్వలేదు. 2024లో ప్రభుత్వం మారింది, వాళ్ల కొనసాగింపు గాల్లో కలిసింది. యాభై ఇళ్లు రోజూ తిరిగిన మనిషి రోడ్డున పడితే ఆ యాభై ఇళ్లలో కదలిక లేదు. సేవ అందించినవాడికి, కూడగట్టినవాడికి తేడా అక్కడే తేలిపోయింది.

ఈ తేడాను బాగా ఎరిగినవాళ్లు అమెరికాలో కనిపిస్తారు. అక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతివారు ఓటరుగా నమోదు కావాలంటే చదువు పరీక్ష పాసవ్వాలన్న రోజులవి. 1957లో సౌత్ కరోలినాలోని జాన్స్ ఐలాండ్‌లో సెప్టిమా క్లార్క్ పెద్దలకు బడి పెట్టించారు. ఆమె స్వయానా టీచరే అయినా, బడి నడపడానికి టీచరును పిలవలేదు. జుట్టు దువ్వే పని చేసుకునే బెర్నిస్ రాబిన్‌సన్‌ను ఒప్పించారు. టీచరైతే జనాన్ని చిన్నచూపు చూస్తారేమోనన్నది ఒక భయం. ఇంకో కారణం నాకు మరీ నచ్చుతుంది: రాబిన్‌సన్ గిరాకీ అంతా నల్లజాతి ఆడవాళ్లే, ఉద్యోగంలోంచి తీసేస్తామని బెదిరించడానికి తెల్ల యజమాని లేడు.

మన నెల్లూరు కథా ఇలాంటిదే. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన దూబగుంట ఆడవాళ్లు పలకలు పక్కన పెట్టి సారా దుకాణాల మీద పడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా బంద్ అయింది. వాళ్లను ఎవరు ఇంటర్వ్యూ చేసి ఎంపిక చేశారు?

అసలు కడుపుమంట ఇక్కడుంది. నాయకులు కావాలని ఒక చేత్తో ఫెలోషిప్‌లు ఇస్తూ, నాయకులు పుట్టే చోట్లన్నిటికీ ఇంకో చేత్తో తాళాలు వేసుకుంటున్నాం. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, కాలేజీల్లో విద్యార్థి సంఘం ఎన్నికలు ఎనభైల చివర్లోనే ఆగిపోయాయి. ఎన్నికలు ఎలా పెట్టాలో లింగ్డో కమిటీ 2006లో చెప్పింది, సుప్రీంకోర్టు అమలు చేయమంది, మనవాళ్లు చెవిన పెట్టలేదు. ఇక ఊళ్లు. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిస్తే, 2025 డిసెంబరు దాకా ఎన్నికలే లేవు. అన్నాళ్లూ ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికలు వచ్చాక కూడా ఏకగ్రీవాల గోల. పోటీ లేకుండా కానిచ్చిన ఊరికి ప్రోత్సాహకం ఇచ్చే అలవాటు రెండు రాష్ట్రాలకూ ఉంది. గుడి ముందు పదవిని వేలం వేసి, ఎక్కువ పాడినవాడికి దండ వేసిన ఊళ్ల వార్తలు ప్రతిసారీ చదువుతూనే ఉన్నాం. ఇరవై ఒక్క ఏళ్లు నిండితే వార్డుకు నిలబడొచ్చని చట్టం అంటుంది. పోటీకి దిగొద్దని బతిమాలడానికి ఊరు డబ్బు పోగేస్తుంది, దాన్ని సర్కారు మెచ్చుకుంటుంది. ఫెలోషిప్‌ల మీద పెట్టే డబ్బులో సగం తెచ్చి, పోటీ జరిగిన ఊళ్లకు బహుమతిగా ఇవ్వండి. ఓడిపోయిన పాతికేళ్ల కుర్రాడికి కూడా ఇంటింటికీ తిరిగిన అనుభవం మిగులుతుంది. ఏ ఇంట్లో ఓటు పడలేదో తెలుస్తుంది. వచ్చే ఐదేళ్లూ గ్రామసభలో లేచి బిల్లుల లెక్క అడగడానికి ఒక కోపం మిగులుతుంది.

ఆ డిసెంబరు ఎన్నికలప్పుడే, మస్టర్ చదివిన ఆ పిల్లకు ఫోన్ చేశాను. ఇప్పుడు పిల్ల అనకూడదు, ఇద్దరు బిడ్డల తల్లి. ఉపాధి పనికి పోతోంది, పక్కవాళ్ల మస్టర్‌లో తప్పులు ఇప్పటికీ ఆమే చూసి పెడుతుందట. వార్డుకు నిలబడ్డావా అని అడిగాను.

‘నిలవడదామనే అనుకున్న సార్. కాగితాలు గూడ తయారుజేసుకున్న. గుడికి పైసలిస్తమన్నరని పెద్దమనుషులు గూసొని ఏకగ్రీవం జేసిన్రు. నన్నెవ్వరు అడగలే.’